అడుగులకు అరిసెలు: పసిబిడ్డ నిలుచుట, నడచుట

తెలుగువారి యిండ్లలో బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు, ప్రాకిననాడు పాయసము, గడప దాటిననాడు గారెలు, అడుగు వేసిననాడు అరిసెలు చేసి ఇరుగుపొరుగులకు పంచుట పూర్వమునుండి వచ్చుచున్న వేడుక. వంటకములు ఇంటింటికి కొంచెము మారవచ్చును గాని వరుస మారదు. అడుగుల వేడుకనాడు అరిసెలు వరుసగా పరచి, బిడ్డను రెండు చేతులు పట్టి వానిమీద నడిపింతురు. గోదావరి డెల్టాలో, అందును పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురము వంటి ఊరిలో, పిండివంట చేసికొనుటకు ఒక కారణము వెదకవలెనా అని నవ్వుకొనువారు ఉండవచ్చును. అయినను ఈ వేడుకలో ఒక లెక్క ఇమిడియున్నది. అక్షరము రాని అవ్వ సయితము ఏ బిడ్డ ఎన్నవ నెలలో ఏ పని చేసినదో ఈ పిండివంటల వరుసలో జ్ఞాపకముంచుకొనెడిది. ఎదురింట అరిసెలు పంచి మూడు నెలలు గడచినను తన యింట పాయసమైనను కాలేదన్న సంగతి ఆమె మనసునకు తట్టకపోదు.

బిడ్డ నడక ఇంటివారి ముచ్చట గదా, పంచాయతీకి దానితో పనియేమి అని సభ్యులు అడుగవచ్చును. పని రెండు విధముల గలదు. సకాలమున నడువని బిడ్డను ఎవరో ఒకరు గుర్తించి వైద్యునివద్దకు చేర్చవలెను. ఇది మొదటిది. సకాలమున నడచిన బిడ్డ పది అడుగులు వేయగానే కాలువ గట్టు, చెరువు రేవు, నీళ్ళ తొట్టి ఎదురగుచున్నవి. ఇది రెండవది. డెల్టా గ్రామములలో ఈ రెండవది మొదటిదానికంటె చిన్న విషయము కాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనున్న 73వ రాజ్యాంగ సవరణ ననుసరించి ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి, ఆరోగ్యము, పారిశుధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడియున్నవి. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట సభ్యులకు అవసరము.

ఏ నెలలో ఏ పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 మొదలు 2003 వరకు పలు దేశములలో పసిబిడ్డల పెరుగుదలను పరిశీలించినది. అందులో భాగముగా ఘనా, ఇండియా, నార్వే, ఒమాన్, అమెరికా దేశములకు చెందిన 816 మంది బిడ్డల కదలికలను నాలుగవ నెల నుండి నడక వచ్చువరకు శిక్షణ పొందిన కార్యకర్తలు వ్రాసియుంచిరి. మన దేశమున ఈ పని ఢిల్లీలో జరిగినది. తల్లిపాలు త్రాగి ఆరోగ్యముగా పెరుగుచున్న బిడ్డలనే ఇందుకు ఎన్నుకొనిరి. ఫలితములు 2006లో వెలువడినవి.

వానిని బట్టి ఆధారము లేక కూర్చుండుట 3.8 నెలలనుండి 9.2 నెలల లోపుగా జరుగును. ఏదైన పట్టుకొని నిలుచుట 4.8 నుండి 11.4 నెలల లోపు, చేతులు మోకాళ్ళు ఆనించి ప్రాకుట 5.2 నుండి 13.5 లోపు, పట్టుకొని నడచుట 5.9 నుండి 13.7 లోపు, తనంత తాను నిలుచుట 6.9 నుండి 16.9 లోపు, తనంత తాను నడచుట 8.2 నుండి 17.6 నెలల లోపు. ఈ హద్దులకు ముందుగా ఆ పని చేయు బిడ్డ నూటికి ఒకరు, తరువాత చేయు బిడ్డ నూటికి ఒకరు మాత్రమే. సగటున చూచినచో ఒంటరిగా నిలుచుట పదకొండవ నెలలోను, ఒంటరి నడక సుమారు పండ్రెండవ నెలలోను వచ్చుచున్నవి.

ఈ అంకెలలో మొట్టమొదట గమనింపదగినది వాని వెడల్పు. తొమ్మిదవ నెలలో నడచిన బిడ్డయు, పదునేడవ నెలలో నడచిన బిడ్డయు ఇద్దరును ఆరోగ్యవంతులే. ముందు నడచిన బిడ్డ మిక్కిలి తెలివిగలవాడగునని గాని, ఆలస్యముగ నడచినవాడు మందమతి యగునని గాని తలపరాదు. బాలబాలికల మధ్య చెప్పుకొనదగిన భేదమును కనుపింపలేదు. ఆడపిల్ల గనుక ఆలస్యమైనను ఫరవాలేదనుట, మగపిల్లవాడు గనుక బరువెక్కి ఆలస్యమగుచున్నదనుట రెండును ఆధారము లేని మాటలే. ఆ పరిశీలనలో నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్ళు ఆనించి ప్రాకనేలేదు. పిరుదులపై జరుగుచునో, మరి యే విధముననో ఆ దశ దాటి నడక నేర్చిరి. అనగా కొన్ని యిండ్లలో పాయసము వంతు రాకయే అరిసెలు రావచ్చును. దానికి దిగులుపడవలసిన పనిలేదు.

నిలుచుట యెట్లు సాధ్యమగును

పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవ వంతు తలయే. ఇంత బరువైన తలను ఇంత సన్నని మెడపై నిలుపుటయే ఆ బిడ్డ మొదటి సాహసము. ఇది మూడు నాలుగు నెలలలో వచ్చును. పట్టు తలనుండి క్రిందికి దిగుచు మెడ, వీపు, నడుము, తొడలు, పాదములు అను వరుసలో కుదురుకొనును. పుట్టినపుడు వెన్నెముక విల్లువలె ఒకే వంపుతో నుండును. తల ఎత్తుటతో మెడవద్ద ఎదురు వంపు, నిలుచుటతో నడుమువద్ద మరియొక వంపు తేరును. మెదడునుండి కాళ్ళకు పోవు నరములపై కొవ్వుపొర యొకటి క్రమముగా పేరుకొనును. తీగెపై తొడుగు వేసినట్లు ఇది నరములకు తొడుగై, ఆజ్ఞలు వేగముగా చేరుటకు తోడ్పడును. ఇవి యన్నియు లోపల జరుగు పనులు. బయట బిడ్డ చేయవలసినది అభ్యాసము.

ఇచ్చట ఒక వింత చెప్పవలెను. అప్పుడే పుట్టిన బిడ్డను చంకలక్రింద పట్టి నిలిపి పాదములను చాపకు తాకించినచో కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి ఎత్తి అడుగులు వేయును. రెండు మూడు నెలలకు ఈ అలవాటు మాయమగును. మెదడు ఎదుగుచు దీనిని అణచివేయుచున్నదని పండితులు చాలకాలము భావించిరి. 1984లో ఎస్తేర్ థెలెన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు తన తోడివారితో కలిసి వేరొక కారణము చూపినది. ఆ నెలలలో బిడ్డ కాళ్ళకు కొవ్వు పట్టి బరువగును, ఎత్తుటకు కావలసిన బలము ఇంకను రాదు. అడుగులు మానిన బిడ్డను రొమ్ములోతు నీటిలో నిలిపి పట్టుకొనగా అడుగులు మరల కనుపించినవి! నీటిలో బరువు తేలికయగునని నావలు నడుపు గోదావరి జిల్లాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అంతవరకు పోయినదనుకొన్న నడక కండబలము కొరకు వేచియున్నదే గాని పోలేదన్నమాట.

కన్నులకును ఇందులో పెద్ద పాలు గలదు. డేవిడ్ లీ, ఎరిక్ ఆరన్సన్ అనువారు 1974లో ప్రకటించిన ప్రయోగములో, క్రొత్తగా నిలుచుట నేర్చిన బిడ్డలను ఒక చిన్న గదిలో నిలిపి, నేల కదలకుండ గోడలను మాత్రము మెల్లగా కదల్చిరి. తాము కదలుచున్నామని భ్రమించి బిడ్డలు తూలిరి, కొందరు పడిరి. పెద్దలము కాళ్ళతో నిలుచుచున్నామని తలతుము గాని, నిలుకడను కాచునవి పాదముల స్పర్శ, చెవిలోపలి సమతూక యంత్రము, చూపు మూడును కలిసి. పసిబిడ్డ చూపుపైననే ఎక్కువగా ఆనుకొనును.

నడక వచ్చిన క్రొత్తలో బిడ్డ ఎంత శ్రమపడునో తెలిసినచో మనకు జాలియు గౌరవమును కలుగును. న్యూయార్కులో కారెన్ ఆడాల్ఫ్ అను ఆచార్యురాలు, ఆమె సహచరులు 12 మొదలు 19 నెలల వయసుగల బిడ్డలు స్వేచ్ఛగా ఆడుకొనుచుండగా లెక్కించి 2012లో ప్రకటించిరి. గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడుట, నడచిన దూరము సుమారు 700 మీటర్లు. ఆ అడుగులును తిన్నగా పోవు అడుగులు కావు. ముందుకు, ప్రక్కకు, వెనుకకు, ఆగి, తిరిగి, కూలబడి, లేచి వేయునవి. పడిన ప్రతిసారియు లేచుటయు ఒక పాఠమే. పడిన వెంటనే ఇల్లంతయు గగ్గోలుచేసి నేలను కొట్టుట మన యిండ్లలో ముచ్చటైన అలవాటే గాని, బిడ్డకు దానివలన వచ్చు లాభమేమియు లేదు.

నడక నేర్పవచ్చునా

కాళ్ళు బారజాపుకొని కూర్చుండి, వానిపై బిడ్డను పరుండబెట్టి, నూనె పట్టించి, నలుగుపెట్టి, నీళ్ళుపోయు మంత్రసానులు, అవ్వలు మన యూళ్ళలో ఇంకను ఉన్నారు. దీనివలన కాళ్ళు చేతులు గట్టిపడునని వారి నమ్మకము. ఈ నమ్మకమునకు కొంత ఆధారము లేకపోలేదు. కెన్యా దేశపు కిప్సిగిస్ జాతివారు బిడ్డలను కూర్చుండబెట్టుట, నడిపించుట ఒక పనిగా పెట్టుకొని చేయుదురనియు, వారి బిడ్డలు ఆ రెండు పనులను ముందుగా నేర్చుచున్నారనియు, నేర్పని పనులలో అట్టి ముందంజ లేదనియు ఛార్లెస్ సూపర్ 1976లో వ్రాసెను. దీనికి మారుగా అమెరికాలోని హోపీ జాతివారు మొదటి నెలలలో బిడ్డను పలకకు చుట్టి ఎక్కువసేపు కదలనీయకుండ ఉంచుచుండిరి. అయినను ఆ బిడ్డలు నడచు వయసు మారలేదని డెన్నిస్ దంపతులు 1940లో తెలిపిరి. ఈ రెండింటిని కలిపి చూడగా అభ్యాసము కొన్ని వారముల మేలు చేయవచ్చును గాని, తరువాత నేలపై ఆటకు చోటుండినచో వెనుకబడిన బిడ్డయు అందుకొనునని తోచుచున్నది. అవ్వగారి నీళ్ళుపోతను నిరసింప నక్కరలేదు. కాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, కీళ్ళు లాగుట మాత్రము మానుకొనవలెను.

వడ్రంగి చేయు మూడు చక్రముల కొయ్యబండి మన పూర్వుల మంచి సాధనము. దానిని పట్టుకొని త్రోయు బిడ్డ తన కాళ్ళపై తాను నిలుచును, తన తూకము తాను చూచుకొనును. ఇప్పుడు బజారులో అమ్ముచున్న వాకరు దీనివంటిది కాదు. అందులో బిడ్డను సంచివంటి పీఠముపై కూర్చుండబెట్టుదురు. బరువు పీఠము మోయును, మునివ్రేళ్ళతో నేలను తన్నిన చాలును, బండి పరుగెత్తును. నిలుకడ నేర్చునది లేదు, పైపెచ్చు మెట్లమీదినుండి దొర్లుట, పొయ్యిని చేరుట వంటి ప్రమాదములు కలుగుచున్నవి. కెనడా ప్రభుత్వము 2004లో ఇట్టి వాకరుల అమ్మకమును, దిగుమతిని నిషేధించినది. బారసాలకు, పుట్టినరోజుకు వాకరు బహుమానముగా ఇచ్చు బంధువులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

ఇంటిలోపల చెప్పులు, బూట్లు అనవసరము. వట్టి పాదము నేలను పట్టి నేర్చును. అరికాలిక్రింద కొవ్వు నిండియుండుటచే పసిపాదము చదునుగా కనుపించుట సహజము. రెండవ సంవత్సరము వరకు కాళ్ళు దొడ్డివలె వంగియుండి, మూడు నాలుగు సంవత్సరములకు మోకాళ్ళు లోనికి ఒరసికొని, ఆరేడు సంవత్సరములకు తిన్నబడును. ఇదియు సహజమే.

ఆలస్యమగుచో

తొమ్మిది నెలలు నిండినను కూర్చుండలేకపోవుట, సంవత్సరము నిండినను పట్టుకొని నిలువలేకపోవుట, పదునెనిమిది నెలలు నిండినను నడువలేకపోవుట, వీనిలో ఏ యొక్కటియున్నను ఊరకుండరాదు. నడచిన బిడ్డ మరల నడక మానుట, ఎల్లపుడు మునివ్రేళ్ళపై నడచుట, ఒక ప్రక్క చేయి కాలు మాత్రమే వాడుట, కుంటుట కూడ చూపించుకొనవలసిన గురుతులే. నెలలు నిండక పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీనుండి గాక, పుట్టవలసిన తేదీనుండి నెలలు లెక్కింపవలెను. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు పదునాలుగవ నెల పండ్రెండవ నెలతో సమానము.

కారణములు పలురకములు. కాన్పునాడు ఊపిరి అందకపోవుట, తుంటికీలు తప్పియుండుట, థైరాయిడు లోపము, కండరముల వ్యాధి ఇవి కొన్ని. వీనికంటె మిక్కిలి సామాన్యమైనది రక్తహీనత. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 63 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇది సిగ్గుపడదగిన అంకె. ఇనుము చాలని బిడ్డ త్వరగా అలసి, తక్కువగా ఆడి, కావలసిన అడుగులు వేయకుండ చంకలోనే కాలము గడుపును. ఆరవ నెల నిండగానే తల్లిపాలతోపాటు మెత్తని అన్నము, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు పెట్టుట, అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతమును ఇంటిల్లిపాదికి పంచక ఆ బిడ్డకే పెట్టుట, ఏడాది నిండిన బిడ్డకు నులిపురుగుల మందు వేయించుట వీనికి ఖర్చు లేదు.

వంకరపాదముతో పుట్టిన బిడ్డను చూచి ఇది గ్రహణపు దోషమని విడిచిపెట్టువారు ఇప్పటికిని లేకపోలేదు. పొన్సెటి అను వైద్యుని పేర పిలువబడు పద్ధతిలో వారమునకొక పిండికట్టు చొప్పున కొన్ని వారములు వేసి, చాలమందికి మడమ వెనుకటి నరమును కొద్దిగా సడలించి, తరువాత రాత్రులయందు ప్రత్యేకమైన బూట్లు నాలుగేండ్లవరకు తొడిగినచో పాదము తిన్నబడును. పుట్టిన కొలదిదినములకే మొదలుపెట్టుట మేలు. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణమునాడు కర్ణాటకలోని కలబురగి ప్రాంతమున అంగవైకల్యముగల బిడ్డలను నయమగునని మెడవరకు మట్టిలో పాతిరి. అధికారులు వచ్చి వారిని వెలికి తీయించవలసివచ్చినది. ఆ తల్లిదండ్రులు క్రూరులు కారు. ఎవరిని అడుగవలెనో చెప్పువారు లేకపోయిరి. చెప్పవలసినవారిలో పంచాయతీ సభ్యులున్నారు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వచ్చి బిడ్డలను పరీక్షించును. పుట్టుకతో వచ్చిన లోపములు, వ్యాధులు, పోషకలోపములు, ఎదుగుదలలో ఆలస్యము అనువానిని కనిపెట్టి జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుట వారి పని. బృందము వచ్చుదినమున ఇంట నుండిపోవు బిడ్డలే తరచు అవసరముగల బిడ్డలు. నడువని బిడ్డను నలుగురిలోనికి తెచ్చుటకు తల్లి సంకోచించును. ఆ వార్డు సభ్యురాలు ముందుగా ఆ యింటికి పోయి, అమ్మా, రేపు నేనును నీ వెంట వత్తునని చెప్పిన చాలును. తల్లీబిడ్డల రక్షణ కార్డులో కూర్చుండుట, నిలుచుట, నడచుట బొమ్మలతో అచ్చువేసియున్నవి. నెలకొకమారు అంగన్‌వాడీలో జరుగు ఆరోగ్య, పోషకాహార దినమున ఆ పుటను కూడ తెరచి చూడుడని ఆశా కార్యకర్తలను కోరవచ్చును. సాధారణముగా టీకాల పుటతోనే కార్డు మూసివేయబడుచున్నది.

గట్టుమీది బిడ్డ

ఇప్పుడు రెండవ విషయము. ఆత్రేయపురము మండలమున బొబ్బర్లంకవద్ద ఆరంభమగు కాలువలు మధ్యడెల్టాకు ప్రాణము. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్ట కాలమునుండి గోదావరి నీరు ఊరూర గట్టులకు అంచువరకు పారుచున్నది. ఇండ్లు గట్టులకు ఆనుకొనియే యున్నవి. గిన్నెలు తోముట, బట్టలుతుకుట రేవులోనే. ఈ సౌకర్యము నడక వచ్చిన క్రొత్తలోనున్న బిడ్డ పాలిట గండము కూడ.

దీనికి శాస్త్రజ్ఞులు చూపిన కారణ మొకటి ప్రతి తల్లియు తెలిసికొనదగినది. పైన చెప్పిన ఆడాల్ఫ్ ఆచార్యురాలు 1997లో వాలుబల్లలపై బిడ్డల నడవడిని వర్ణించెను. ప్రాకు బిడ్డ మొదట ఎంత నిటారు వాలునైనను తలక్రిందులుగా దిగబోవును. కొన్ని వారములు ప్రాకిన పిమ్మట అపాయకరమైన వాలువద్ద ఆగుట నేర్చును. అదే బిడ్డ నడక మొదలిడగానే ఆ పాఠమంతయు పోవును! నిన్న ప్రాకుచు వచ్చి ఆగిన వాలుపైననే నేడు నడచుచు వచ్చి ఆగక అడుగువేయును. బల్ల అంచులతో 2013లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలోను ఇట్లే జరిగినది. ప్రాకుటలో ఆరితేరిన సంవత్సరపు బిడ్డలు అంచువద్ద ఆగిరి, క్రొత్తగా నడచుచున్న అదే వయసు బిడ్డలు అంచు దాటి అడుగువేసిరి. ప్రయోగశాలలో పట్టుకొనువారు ప్రక్కనుండిరి. మన గట్టుమీద ఎవరుందురు? మా పిల్లవానికి నీళ్ళన్న భయము, రేవుదగ్గరకు పోయి వెనుకకు వచ్చును అని తల్లి చెప్పుమాట ప్రాకునాటి మాట. నడచునాటికి అది చెల్లదు.

ఋతువుతోడి చిక్కు మరియొకటి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. ఏప్రిల్, మే నెలలలో నడక నేర్చిన బిడ్డకు కాలువయనగా ఎండిన ఆటస్థలము. జూనులో నీరు వదలిన దినమున పెద్దలకు సంతోషము, బిడ్డకు మాత్రము అది నిన్నటి చోటే.

బంగ్లాదేశము మనవలెనే డెల్టా దేశము. అచ్చట జరిగిన పరిశీలనలలో పసిబిడ్డలు మునిగిపోవుట ఎక్కువగా ఇంటికి చేరువలోనున్న చెరువులలోనే, ఉదయము తొమ్మిదినుండి మధ్యాహ్నము ఒంటిగంటవరకు తల్లులు ఇంటిపనులలోనుండు వేళలలోనే యని తేలినది. ఆ గంటలలోనే పిల్లలను చూచుకొను గ్రామ శిశుకేంద్రములను అచ్చట నెలకొల్పగా మరణములు గణనీయముగా తగ్గినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థయు బడియీడు రాని బిడ్డలకు నీటికి దూరముగా సురక్షితమైన చోటు కల్పించుటను, నీటికి అడ్డుకట్టలు పెట్టుటను ముఖ్యముగా సిఫారసు చేయుచున్నది. మన కేంద్రప్రభుత్వము నీటమునకల నివారణకు 2023 డిసెంబరులో ఒక ప్రణాళికను వెలువరించినది.

ఇంటిలోపలి మాట ఒకటి. ఆత్రేయపురములో పూతరేకుల పని కుటీరపరిశ్రమ. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండక్రింద మంట, ప్రక్కన పల్చని పిండి, చేత తడిగుడ్డ, స్త్రీలు నేలపై కూర్చుండి గంటలతరబడి రేకులు తీయుదురు. ఆ కుండ సరిగా ప్రాకు బిడ్డ చేతి ఎత్తున, లేచి నిలుచు బిడ్డ పట్టుకొనదగిన ఎత్తున ఉండును. నిలుచుటకు ఏదో ఒకటి పట్టుకొను వయసు అది. పని సాగు గదికి మోకాలెత్తు పలక గడపవలె అడ్డుపెట్టిన చాలును. రేకులు తీయుటలో చేయి తిరిగిన స్త్రీలు పదిమంది కలిసి ఒక బిడ్డల గదిని, ఒక ఆయాను ఏర్పాటు చేసికొన్నచో ఇంకను మేలు.

పంచాయతీ చేయగల పనులలో మొదటిది ఒక నడక. సర్పంచి, సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త కలిసి ఒక ఉదయము కాలువ వెంబడి పోయి, ఒకటి మొదలు మూడేండ్ల బిడ్డలున్న యిండ్లు ఎన్ని గట్టునకు ఇరువది అడుగుల లోపున్నవో లెక్కించవలెను. ఏ గ్రామములోను ఈ సంఖ్య మరీ పెద్దది కాదు. ఆ యిండ్ల వాకిళ్ళకు వెదురు తడికెయో, గడియతోకూడిన చిన్న తలుపో అమర్చుట వీథిదీపము కంటె చవుక. గడియ బిడ్డకు అందని ఎత్తున పైభాగమున ఉండవలెను. తెరచియున్న నూతులకు ఒర ఎత్తించుట, పాడుపడిన గోతులు పూడ్పించుట, అంగన్‌వాడీకి ప్రహరీ లేనిచో ముందుగా దానిని కట్టించుట, రేవు మెట్లకు ప్రక్కన అడ్డుకమ్మి వేయించుట గ్రామ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవచ్చును. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్ణయించిన తొమ్మిది లక్ష్యములలో బాలలకు అనువైన గ్రామము ఒకటి గనుక ఇందుకు అభ్యంతరము ఉండదు. కాలువగట్టు నీటిపారుదల శాఖదైనచోట ఆ శాఖ అనుమతి ముందుగా పొందవలెను. కూలికిపోవు తల్లులు ఎక్కువగానున్న వార్డులలో అంగన్‌వాడీతోపాటు శిశుసంరక్షణ కేంద్రమును కోరుచు పాల్నా పథకము క్రింద తీర్మానము చేసి పంపవచ్చును. ఇది ఆరు నెలలనుండి ఆరేండ్ల బిడ్డలకు ఉద్దేశింపబడినది.

ఇంటివారు చేయదగినవి ఇంకను సులభము. బక్కెట్టు, తొట్టి, గాబు వాడుక కాగానే బోర్లించవలెను, లేదా మూతవేయవలెను. జానెడు నీటిలో తలక్రిందులైన బిడ్డ తల బరువుచే తిరిగి లేవలేదు, కేకయు వేయలేదు. అడుగులు వచ్చిన బిడ్డకు కాళ్ళగజ్జెలు కట్టు అలవాటు ముద్దుకొరకే పుట్టినది కాదేమోయని ఈ రచయితకు తోచుచుండును. గజ్జెల చప్పుడు ఎటుపోవుచున్నదో పొయ్యివద్దనున్న తల్లికి తెలియును. చప్పుడు ఆగినచో ఇంకను త్వరగా లేచి చూడవలెను.

ప్రమాదము జరిగినపుడు చేయరానిపని ఒకటి యున్నది. నీటినుండి తీసిన బిడ్డను తలపై పెట్టుకొని గిరగిర త్రిప్పుట, కాళ్ళుపట్టి వ్రేలాడదీయుట, పొట్ట ఒత్తుట ఇప్పటికిని చూచుచున్నాము. దానివలన నీరు బయటకు వచ్చినట్లు కనుపించును గాని, ఊపిరి అందవలసిన నిముషములు అందులోనే గడచిపోవును. బిడ్డను గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, తల కొంచెము వెనుకకు వంచి, శ్వాస లేనిచో బిడ్డ నోటిని ముక్కును కలిపి మన నోటితో కప్పి రొమ్ము లేచునంత మెల్లగా ఊపిరి ఊదవలెను. అయిదుసార్లు ఊదిన పిమ్మట కదలిక లేనిచో రొమ్ము నడుమ లయగా ఒత్తుచు, ముప్పది ఒత్తుళ్ళకు రెండు ఊదుళ్ళ చొప్పున సాగింపవలెను. ఇంకొకరు 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చువరకు ఆపరాదు. తేరుకొన్న బిడ్డనైనను ఆసుపత్రికి చేర్చవలెను, ఊపిరితిత్తులలోని నీరు కొన్ని గంటల తరువాత బాధింపవచ్చును. ఈ పని చూచి, చేసి నేర్చుకొనవలసినదే గాని చదివి వచ్చునది కాదు. ప్రతి రేవుకు ఇద్దరు చొప్పున, వీలైనచో రేవుదగ్గర పగలంతయు ఉండు చాకలివారినో, చిల్లరకొట్టువారినో ఎన్నుకొని, కాలువలకు నీరు వదలుటకు ముందు మే నెలలోనే ప్రాథమిక ఆరోగ్యకేంద్ర వైద్యునిచే ఒక పూట శిక్షణ ఇప్పింపవచ్చును.